తొంభై ఏడు మిల్లీమీటర్లు

బహోరూకో కొండ మీద ఏప్రిల్ తెల్లవారుజాము.
టార్చి వెలుగు నా మోచేతి దాకా వెళ్ళి
పొగమంచులో మునిగిపోతోంది.
తాడుకి రెండు గుడ్డసంచులు.
ఉండుండి ఒకటి కదులుతుంది, తర్వాత రెండోది.

మొదటిదాని కాలికి ఉంగరం ఉంది.
నిరుడు ఇదే వలలో నేనే తొడిగాను.
బిక్నెల్ త్రష్. వేసవిలో క్విబెక్, ఫర్ చెట్ల చీకట్లో గూడు;
అక్టోబరు వస్తే ఈ వాలు, ఈ పొద.
రెక్క తొంభై ఒకటి.
రాసుకో విల్నేర్, పాత చుట్టమే.

రెండోది కొత్త.
అదే వీపు, తడి మట్టి రంగు.
అదే రొమ్ము, చెమ్మకాగితం మీద సిరా చుక్కలు పాకినట్టు.
తోకలో ఎరుపుందా? వెలుగు రానీ.
కింది ముక్కు సగం దాటి పసుపైతే బిక్నెల్,
సగంలోపైతే బూడిదచెంప త్రష్,
అమెజాన్ నుంచి ఉత్తరానికి పోతూ
రాత్రికి ఆగిన బాటసారి.
సగమంటే ఎక్కడ?
రెక్క పరిచి కొలిచాను. తొంభై ఏడు.
పుస్తకం తిరగేశాను.
తొంభై ఏడంటే ఇద్దరిలో ఎవరైనా కావచ్చట.

పాడితే తెలిసేది.
ఒకటి పాట చివర గొంతు పైకి లేపుతుంది,
ఒకటి దించుతుంది.
ఇక్కడ పాడవు. పాటంతా ఉత్తరానికే దాచుకుంటాయి.

నిన్న చెక్‌పోస్టు దగ్గర
సార్జెంటు జీపులోకి తల పెట్టి
విల్నేర్‌ని కాగితాలడిగాడు.
చూశాడు, వెనక్కి ఇవ్వలేదు.
పేరు చెప్పమన్నాడు. ఇంకోసారి.
చివరి అక్షరం నాలుక మీద ఎలా దొర్లుతుందోనని
చెవి దగ్గరికి తెచ్చాడు.
విల్నేర్ పుట్టింది పెదెర్నాలెస్‌లో,
నేను పుట్టిన ఆసుపత్రిలోనే.
వాళ్ళమ్మ కాఫీ కోతకి సరిహద్దు దాటి వచ్చింది.
స్టీరింగు మీద నా చేయి, కిటికీ అంచున అతని చేయి,
ఒకే రంగు.
నన్నేమీ అడగలేదు.
ఇసౌరా, అని నేనే చెప్పాను. ఎవరూ వినలేదు.

"జాతి గడిలో ఏం రాయను?"
ఖాళీగా వదిలెయ్.
బరువు ముప్పై ఒక్క గ్రాములు. అది మాత్రం రాయి.

అరచెయ్యి తెరిచాను.
పిట్ట ఒక్క క్షణం కూచుంది, వేళ్ళ మీద వెచ్చగా.
తర్వాత లేదు.
ఆ పొగమంచులో ఉత్తరమెటో నాకే తెలీలేదు.

విల్నేర్ సంచులు తిరగేసి దులిపాడు.
రెండింట్లోనూ అవే ఊదా మరకలు, అవే గింజలు.
ఒకటి అతని చొక్కా చేతికి అంటుకుంది.
"ఇదెవరిదో" అన్నాడు, గోటితో తీస్తూ.