గురిగింజ ఎత్తు

దేవరకొండ బజార్ల ఖాసిం సాబు దుకాణం.
పొట్లాలు కట్టే పోరణ్ణి నేను.
నల్లమందు తూసే తరాజు
నా అరచేతంత.
ఒక పక్క గురిగింజ,
ఒక పక్క నిద్ర.

పారుడుకు ఇంత, దగ్గుకు అంత,
పంటి పోటుకు
గసాల కాయ బెరడు కాచిన నీళ్లు.
కలుపుకు పోయే తల్లి
చంటిదానికని అడిగితే మాత్రం
డబ్బా మూత బిగించేటోడు:
"ఏడ్వనియ్. ఏడ్చేది బతుకుతది."

మర్రిగూడ దిక్కు నుంచి పర్వతాలొచ్చిండు,
నలభై ఏండ్లకే కొడవలోలె వంగి.
సాబు గింజ మీద గింజ ఏసిండు,
మళ్ల ఒకటి తీసిండు.
"బోరు నీళ్లే బొక్కల్ల నొప్పైతే
ఏ నీళ్లల్ల కలుపుకొని తాగుతవ్ బిడ్డా?"

పైసలు తీసుకోలే.
పొట్లం నేనే కట్టిన.
దారం ముడి
చానసేపు పడలే.