నిన్నటి నీళ్ళు

మే నెలలో అయితే నవ్వేసేవాళ్ళం,
గుంటూరులో వేడినీళ్ళకి వేరే పైపులా అని.
మధ్యాహ్నం ఏ కుళాయి తిప్పినా
ఊరే ఉచితంగా మరగబెట్టి పంపుతుంది.

కానీ అది మార్గశిరం.
గోడలింకా తడి ఇటుకలే.
చెవిమీద పెన్సిలుతో వచ్చాడు మీరావలి.
డాబా మీద సోలారు టాంకు పెట్టే చోటు చూసి
మెట్లు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగాడు.

"అంతా అంగుళం వేసెయ్, ఖర్చు చూడకు" అన్నాను,
బంతిలో ఇంకో లడ్డు వెయ్యమనే పెద్దమ్మలా.

అతను పెన్సిలు తియ్యలేదు.
"ఎవరు ఎన్నింటికి పోసుకుంటారో చెప్పండమ్మా,
సైజు తర్వాత చెబుతా."

మా ఆయన ఆరింటికి, షటిల్ ఆడొచ్చాక.
పిల్లలిద్దరూ ఏడింటికి, ఒక్కసారే, తలుపులు బాదుకుంటూ.
నేను...
నాకంటూ ఒక టైము లేదని అప్పుడే తెలిసింది.
కింద వాటాకి అడ్వాన్సిచ్చింది సలోమి,
పెద్దాసుపత్రిలో నర్సు. నెలలో సగం నైట్ డ్యూటీ.

"టాంకు పక్కనేగా అని పై బాత్రూముకి సన్నం పెడితే
ధార రాదు. నీళ్ళకి దగ్గర కాదు, ఎత్తు కావాలి.
పైన అంగుళం, మధ్యలో ముప్పావు.
కిందికి తోపు దానికదే ఉంటుంది, అర చాలు."

నాకు మనసొప్పలేదు.
అద్దెవాళ్ళని సన్నంది వేయించిందంటారు రేపు.

ఇసుక కుప్ప మీద కూర్చుని
పైపు ముక్క కంటికి పెట్టుకుని నన్ను చూశాడు.
"నలభై అడుగులమ్మా.
అంగుళమైతే లోపల ఐదు చెంబులు పడతాయి.
అరంగుళమైతే చెంబున్నర.
రాత్రంతా గోడలో పడుకుని చల్లారినవి.
తిప్పగానే ముందొచ్చేవి అవే, నిన్నటి నీళ్ళు.
తెల్లవార్లూ నిలబడొచ్చిన మనిషిని
ఇంకా ఎంతసేపు నిలబెడతారు?"

ఇటుకల మీద పెన్సిలుతో గీసిన ఆ లెక్కని
మేస్త్రి మర్నాడు సిమెంటుతో మూసేశాడు.
మిగిలిన రెండు ఎల్బోలు
పోపుల డబ్బా పక్కన ఉన్నాయి ఇప్పటికీ,
ఎందుకు దాచానో తెలియదు.

ఎనిమిదింబావుకి
వంటింటి గోడలో సన్నగా గరగర.
సలోమి వచ్చేసింది.
ఉప్మాకి ఎసరు కొలుస్తూ ఆగుతాను.

ఒక చెంబు.
ఇంకో సగం.
ఈపాటికి వెచ్చబడి ఉంటాయి.