ఇరవై మూడు కిలోలు

బిల్లులో ఇరవై మూడని రాశారు.
మిర్చి యార్డులో గుమస్తాని,
కాగితం మీది బరువు నేను నమ్మను.
మడిచిన బండిని బాజీ కాటా మీద పెట్టాడు.
ఇరవై మూడు కిలోల నాలుగొందలు.
"సగం టిక్కీ అక్కా ఇది,
మా బుడ్డోడు కూడా మోస్తాడు" అన్నాడు తుమ్ముకుంటూ.

నేను నలభై ఎనిమిది.
నలభై ఒక్కేళ్లుగా నన్ను ఎత్తినవాళ్లెవరూ
కాటా వేయలేదు గానీ
అందరికీ తెలుసు నా బరువు:
బళ్లో ఆయా,
పెద్దాసుపత్రిలో వార్డుబాయ్,
రైలుపెట్టె గుమ్మంలో పేరు చెప్పని ఇద్దరు,
పెళ్లిళ్లలో పెదనాన్న కొడుకులు.
చంకల కింద చేతులు
మోకాళ్ల కింద చేతులు
పైట ఎక్కడికి పోయిందో చూసుకునేలోపే
కుర్చీలో నేను.
"ఏముంది, పిట్టంత మనిషి" అనేవాళ్లు.
నవ్వేదాన్ని.
నవ్వకపోతే మళ్లీ దింపేదెవరు?

బ్యాటరీ నిండటానికి ఆరు గంటలు.
మిక్సీ ప్లగ్గు దానికిచ్చేశాం,
మా ఇంట్లో రాత్రిపూట పచ్చళ్లు లేవు.
పొద్దున మంచం మీద కూర్చునే
కింద నుంచి లాగుతాను.
టక్, టక్, ఇంకో టక్. అంతే.
హ్యాండిల్ మీద ఒక గుండ్రటి మర,
ఒక పక్క తాబేలు బొమ్మ, ఒక పక్క కుందేలు.
కథలో ఎవరు గెలిచారో తెలుసు.
అయినా బ్రాడీపేట నాలుగో లైనులో
కుందేలు వైపే తిప్పుతాను.

సరోజినమ్మ గారి ముగ్గు సగం రోడ్డుదాకా ఉంటుంది.
మొదటి వారం చుట్టూ తిప్పుకుని పోయేదాన్ని.
"తొక్కుకుంటూ పో అమ్మాయ్,
బళ్లన్నీ తొక్కేవేగా" అంది విసుగ్గా.
బళ్లన్నీ.
ఆ లెక్కలో నేనూ ఉన్నాను.
ఎనిమిదో అడ్డరోడ్డుదాకా
నా వెనకాల తెల్లటి గీత.

బ్యాంకుకి మూడు మెట్లు.
పక్కన వాలు కూడా కట్టారు,
దాని మీద మేనేజరు గారి బుల్లెట్టు ఉంటుంది.
చర్చికి మాత్రం మంచి వాలు,
శవపేటిక బండి ఎక్కడానికి వేయించారు.
ప్రతి ఆదివారం నేను
బతికుండగానే ఎక్కుతున్నాను.

చుట్టుగుంటదాకా ఆటో.
మొదటి రోజు మస్తాను
మడిచిన బండి ముందు చేతులు చాపి నిలబడిపోయాడు.
"ఎక్కడ పట్టుకోవాలమ్మా దీన్ని?
ఎక్కడబడితే అక్కడ పట్టుకుంటే విరుగుద్దేమో."
ఇక్కడొక చెయ్యి, అక్కడొక చెయ్యి,
చక్రం మీద వద్దు, అని చూపించాను.
అచ్చంగా అక్కడే పట్టుకున్నాడు.
ఈలోగా నేను చేతుల మీద జరిగి
సీట్లోకి చేరాను.
ఆ ప్రశ్న
నన్నెవరూ అడగలేదు.
యార్డు వచ్చేదాకా మాట్లాడలేకపోయాను.
అద్దంలో నా కళ్లు చూసి
మిర్చి ఘాటనుకున్నాడు మస్తాను.
"అలవాటైపోద్దిలేమ్మా" అన్నాడు.
పంతొమ్మిదేళ్లుగా అక్కడే పని చేస్తున్నానని
చెప్పలేదు.

సరే, కాటా దగ్గర ఉన్నాం కదా.
"నువ్వు కూడా ఎక్కు అక్కా, ఇద్దరి బరువూ చూద్దాం"
అన్నాడు బాజీ బండి విప్పి.
పెద్ద కాటా పళ్లెం నేలకి సమానంగా ఉంటుంది.
ఎవరూ ఎత్తకుండా
నేనే ఎక్కాను.
డెబ్బై ఒకటీ నాలుగొందలు.

నోటి అలవాటు, "తరుగెంత?" అన్నాను.
తేమకింత, తొడిమకింత, గోనెకింత,
రైతు ఎంత మొత్తుకున్నా తీస్తాం ఇక్కడ.
సదరం కాగితంలో డాక్టర్లు
నాకు డెబ్బై రెండు శాతం తీశారు.
బాజీ నిజంగానే లెక్కేస్తున్నట్టు
కాసేపు నా వంక, బండి వంక చూశాడు.
"గోనె లేదుగా" అన్నాడు.

వెనక టిక్కీలతో ట్రాలీలు ఆగిపోయాయి.
దిగండి దిగండి అని ఒకటే కేకలు.
రాలిన కాయలు చాలా ఉన్నాయి,
తాబేలు మీద పెట్టి
నెమ్మదిగా, వాళ్లు కేకలేస్తున్నా నెమ్మదిగా
దిగాను.
పొద్దున్నే తెల్లగా ఉన్న చక్రాలు
ఎర్రగా అయ్యాయి.
రేపు బ్రాడీపేటలో
ఎవరో తుమ్ముతారు.