తడవని జాగా

ఘెంట్‌లో మా వీధి సన్నం.
పద్నాలుగు కార్లకు చోటుంది,
ఒక్క సైకిల్ దారికి లేదు.

నిన్న బడి జిమ్‌లో మీటింగు.
బాస్కెట్‌బాల్ గీతల మీద కుర్చీలు,
ఎవరిది ఏ జట్టో కూర్చోకముందే తెలిసిపోయింది.
గిరాకీ పోతుందన్నాడు రొట్టెల కొట్టు లీవెన్.
ఎవరో మా పన్నులన్నారు, ఎవరో మా పిల్లలన్నారు.
మున్సిపాలిటీ అమ్మాయి పరిచిన మ్యాపులో
మా గుమ్మాలన్నీ గోరంత.

చేతులెత్తమన్నారు.
టినెకె ఎడమ చెయ్యి ఎత్తింది.
కుడిది భుజం దాటి లేవదు, మార్చి నుంచీ.
ఆ రోజు కారు తలుపు తీసింది ఓడీల్.
పియానోలు శ్రుతి చేసే ఓడీల్,
తీగలో వెంట్రుకవాసి తేడా పట్టేవాడు,
వెనక నుంచొచ్చే సైకిల్ గంట వినలేదు.

ఇప్పుడతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి,
అటూ లేవలేదు, ఇటూ లేవలేదు.
నేనెటు ఎత్తానో చెప్పను. నాకూ కారుంది.
ఒక్క ఓటు తేడాతో
కార్లు ఉండిపోయాయి.

పొద్దున్నే వాన.
కిటికీ తెరిచేసరికి ఓడీల్ కారు మలుపు తిరుగుతోంది.
ముప్ఫై ఏళ్ళు అది నిలబడ్డ చోట
రెండు మంచాలు పట్టేంత నేల
పొడిగా, నడుమ నూనె మరకతో.
చినుకులు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి,
ఎవర్నీ అడక్కుండా.