పేరు లేని తొంభై రోజులు

హామ్ సంతలో కొన్నాను దీన్ని.
ఐస్‌క్రీమ్ డబ్బాలాంటి దాంట్లో, మూతకి ఆరు చిల్లులు.
అమ్మినాయన, మెడలో తాళాల గుత్తి,
"మా దగ్గర పురుగన్న మాటే లేదమ్మా" అన్నాడు.
నేను అడగలేదు.
ఇరవై ఆరేళ్లు ట్రామ్ నడిపిన దాన్ని,
అడక్కముందే వచ్చిన జవాబుని నమ్మను.
టికెట్ లేనివాడే ముందుగా జేబులు తడుముకుంటాడు.

డిసెంబరు చలి. బోహుం దాకా రైల్లో
కోటు లోపల, పొట్టకి ఆనించి తెచ్చాను.
పక్కసీటు పెద్దాయన "కుక్కపిల్లా?" అన్నాడు.
ఊఁ అన్నాను.
ఆ కోటు ఇంకా బాల్కనీలోనే వేలాడుతోంది.

ముందుగది కిటికీ పక్కన ఓటీలీ ఉంటుంది,
పదిహేడేళ్ల ముసలిది, ఎండుమిరపకాయ రంగు.
అందుకే కొత్తది స్నానాలగదిలో, తలుపు మూసి.
నా తలస్నానం వంటింటి సింకులో.
పెట్టెలో మట్టి లేదు, రంపంపొట్టు లేదు,
తెల్ల కాగితం. తెల్ల కాగితం అబద్ధమాడదు.
నీళ్ల గిన్నె, దాక్కోడానికి బోర్లించిన పెరుగు డబ్బా.
పెట్టె కింద సబ్బునీళ్ల పళ్లెం,
బెల్లానికి చీమలు పట్టకుండా పెడతారే, అలా.
ఇక్కడ బెల్లమే నాలుక చాపుతుంది.

వరస తప్పకూడదు.
పొద్దున్నే ముందు ఓటీలీ, తర్వాతే ఇది.
దీని పట్టకారు దీనిదే, దీని గుడ్డ దీనిదే.
బయటికొచ్చాక మోచేతుల దాకా కడుక్కుని
చొక్కా నేరుగా మిషన్లో.
మడి అంటారే, అదే.
దేవుడొక్కడు లేడు.

పై అంతస్తు యానిస్, తొమ్మిదేళ్లవాడు,
గుమ్మంలోంచి అడిగాడు: "అదేం తప్పు చేసింది?"
"ఏం చెయ్యలేదు."
"మరి ఒక్కదాన్నే ఎందుకు పెట్టావు?"
వెంటనే మాట రాలేదు.
"తెలీదు కాబట్టి" అన్నాను.
వాడికి నచ్చలేదు. నాకూ.
"పేరేంటి?"
"తొంభై రోజులయ్యాక."

ఒకప్పుడు పేరే ముందు పెట్టేదాన్ని.
ఫీటె అని, పొగరంగు పిల్ల.
తెచ్చిన సాయంత్రమే మిగతావాటి పక్కన పెట్టాను, ముచ్చటపడి.
నెల తిరక్కుండా నాలుగు పెట్టెల్లోనూ
పాములు నీళ్ల గిన్నెల్లోకి దిగి
పైకి రావడం మానేశాయి.
వేడి చేసిందనుకున్నాను.
గిన్నె అడుగున గసగసాలు.
పైనున్న గసగసాలు నడుస్తున్నాయి.
పాముకి భయపడేవాళ్ల మధ్య
పాము కోసం భయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను?
ఓటీలీ ఒక్కతే మిగిలింది.
ముచ్చట అనే మాటని అప్పట్నుంచి పొదుపుగా వాడతాను.

ఇరవై మూడో రోజు
కొత్తది గిన్నెలో చుట్టచుట్టుకుని పడుకుంది.
కళ్లద్దాలు. టార్చి.
రెప్పలేని ఆ కంటి అంచున ఒకటి.
గడ్డం పొలుసు కింద రెండు.
కాగితమ్మీద ఆవగింజలో సగం
తన పనేదో తనకున్నట్టు నడిచి వెళ్తోంది.

ఏడుపు రాలేదు.
చెప్పద్దూ, ఒకరకం తృప్తి:
చూశావా, ఆ జేబులు తడుముకున్నవాణ్ణి!
ఆ తృప్తికి సిగ్గేసింది కూడా.

కాగితం మార్చాను. పెరుగు డబ్బా పారేశాను.
పోస్టులో ఒక గొట్టం వచ్చింది,
దాన్నిండా పురుగుల్ని తినే పురుగులు.
ఊకతో కలిపి చల్లాను, నారుమడిలో విత్తనాల్లా.
పాము ఒంటిమీద రాత్రుళ్లు యుద్ధం, చప్పుడు లేకుండా.
దానికి తెలుసో లేదో,
తోక కొస మాత్రం అప్పుడప్పుడూ కదిలేది.

చివరి పురుగు కనిపించిన మర్నాడు
క్యాలెండర్లో పాత గీతలన్నీ కొట్టేసి
ఒకటి అని రాశాను.
యానిస్ చూశాడు. "మళ్లీ మొదట్నించా?"
"మళ్లీ మొదట్నించే."
వాడు గడప అవతలే కూర్చున్నాడు,
చెప్పులు విప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని,
ముట్టుకోకుండా చూడ్డం నేర్చుకుంటూ.

ఈ రాత్రి నీళ్లు మారుస్తూ
నోరు జారి ఏదో పిలిచాను దాన్ని.
ఏమని పిలిచానో చెప్పను.
ఇంకా అరవై ఎనిమిది ఉన్నాయి.