నాలుగు బోదెలు

మా వార్డులో తక్కెడ మాట నమ్మరు.
మదాలోని ఎక్కిస్తే పదిహేను కిలోలంది,
నాలుగేళ్ల వాడికి ముచ్చటైన బరువే.
సిస్టర్ కపాచిక వాడి దండచేతికి
రంగుల టేపు చుట్టింది.
ఎరుపు దగ్గర ఆగింది.
పదిహేనులో మూడు కిలోలు వాడివి కావు.
ఎడమ మూత్రపిండం మీద కూర్చుని
వాడి జావ తాను తాగుతున్న గడ్డవి.

తల్లి ఎనెలెస్ మొదట సంబరపడిందట,
నీళ్లు పోస్తుంటే అరచేతికి నిండుగా తగిలిన పొట్టకి.
ఒకరు మలేరియా బల్ల అన్నారు.
ఒకరు మడుగు నీటి పురుగన్నారు.
సంతలో మందులాయన రెండు కోళ్లు పుచ్చుకుని
మూడు గాట్లు పెట్టి బూడిద రాశాడు.
బ్లాంటైర్ చేరేసరికి
ఆ గాట్లు వేలెడు వెడల్పున సాగి ఉన్నాయి.

నేను డాక్టర్ని కాను.
వార్డు పుస్తకం రాస్తాను,
బస్సు ఛార్జీలు లెక్కపెట్టి ఇస్తాను,
రాని వాళ్ల పేరు పక్కన సున్నా చుడతాను.
శుక్రవారం మోటారుసైకిల్లో పెట్రోలుంటే
ఆ సున్నాల్ని వెతుక్కుంటూ పోతాను.

మందు, బిళ్ళగన్నేరు సత్తువ.
మా ఆస్పత్రి గేటు దగ్గర అడక్కుండానే పూస్తుంది,
మేకలు కూడా ముట్టవు.
అదే పువ్వు సీసాలో దూరి సముద్రం దాటి రావాలంటే
రేవులో కాగితాలకు నిద్ర పట్టేస్తుంది.
ఆ నవంబరు సీసాలున్నాయి.
నాలుగు వారాలు సూది నడిచింది.
జుట్టు రాలింది, జావ నిలవలేదు,
పొట్ట మాత్రం మూట విప్పినట్టు దిగిపోయింది.
ఆపరేషన్ మంగళవారం.
ఆదివారం రాత్రి వాన పడింది.

తొలివాన వాసన వచ్చాక
ఏ మంచమూ మా మనుషుల్ని పట్టి ఉంచలేదు.
సోమవారం పొద్దున మంచం కింద
చాప లేదు, గిన్నె లేదు.
ఆమె చితెంజె గుడ్డ ఆరేసిన తీగ ఒక్కటే ఊగుతోంది.

ములాంజె కొండ కింద
బురదలో బండి నెట్టుకుంటూ నేను చేరేసరికి
ఎనెలెస్ బోదెల మీద మొక్కజొన్న వేస్తోంది,
గుంటకు మూడు గింజలు, మడమతో మన్ను.
పిల్లాడు గట్టు మీద
బోడితలకి అరటాకు పట్టుకుని కూర్చున్నాడు.

"పొట్ట పోయింది కదన్నా," అంది తలెత్తకుండానే,
"బాగైన పిల్లాణ్ణి కోస్తారా?"
గుమ్మంలోంచి మేనమామ వైసన్:
"మరి ఈ ఏడు తిండి ఎవరు వేస్తారు, మీ డాక్టర్లా?"

రెంటికీ బట్టీ పట్టిన జవాబులున్నాయి నా దగ్గర.
ఒక్కటీ నోటికి రాలేదు.
కిందటేడు మోళ్ల మధ్య ఎండిపోయి నిలబడ్డ
కౌఫిటి కలుపు చూపించి అడిగాను,
దీన్ని పైపైన కోస్తే చాలా అని.
"వేళ్లతో పీకినా వస్తుంది అది," అంది.
నిజమే. నేనది ఆలోచించలేదు.
"ఒక్కోసారి వస్తుంది," అన్నాను,
"పీక్కపోతే తప్పకుండా వస్తుంది."

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత పార నా చేతిలో పెట్టింది.
"నాలుగు బోదెలు మిగిలాయి."

నేను బస్తీలో పుట్టినవాణ్ణి.
మొదటి బోదెకే అరచేతులు బొబ్బలెక్కాయి.
రెండోది సగంలో ఉండగా
వైసన్ వచ్చి గింజల సంచి పట్టుకున్నాడు,
నా వైపు చూడకుండా.
చీకటి పడ్డాక ఒక్క బండి మీద ముగ్గురం,
మధ్యలో వాడు, అరటాకుతో సహా.

ఆపరేషన్ గురువారం జరిగింది.
ఒక మూత్రపిండం స్టీలు పళ్లెంలోకి,
ఒకటి వాడి దగ్గరే.

చివరి సూది ఏప్రిల్లో.
ఎనెలెస్ కండెలు తెచ్చింది, వార్డంతటికీ పంచింది,
ఈయన వేసిన బోదెలు పాములా ఉన్నాయని
తల్లులందరికీ చెప్పి మరీ నవ్వింది.
సిస్టర్ కపాచిక మళ్లీ టేపు చుట్టింది. పసుపు.

సాయంత్రం ఆ కండె తింటూ పుస్తకం తెరిచాను.
మదాలో సున్నా కొట్టేసి ఉంది.
అదే పేజీలో ఇంకో రెండు ఉన్నాయి,
పెట్రోలు లేని శుక్రవారాలవి.