నెమిలిగుట్ట రోడ్డు

ఊరు మూడు మైళ్ళవతల.
అందుకే పేరు చివర రోడ్డని తగిలించినారు,
ఊళ్ళోకి రానని రైలు ముందే చెప్పేసినట్టు.

కరువు కూలికి కట్టినారంట.
మొగోళ్ళకు రోజుకు శేరు కొర్రలు, ఆడోళ్ళకు ముప్పావు.
మా అవ్వ వాళ్ళమ్మ మోసిన రాయొకటి
ఈ గోడలో ఉండాది. ఏదో తెలీదు.
చిన్నప్పుడు అన్నిట్నీ తట్టి చూసినా.

బోర్డు మీద మొదట మూడు భాషలు.
రాష్ట్రాలు పంచుకునే కాలంలో రాత్రికి రాత్రి ఎవరో
అరవ అక్షరాలకు తారు పూసినారు.
మాస్టరు వేదాచలం మొదలియారు పొద్దున్నే చూసి
ఏమీ అనకుండా ఇంట్లోకి పోయి
కిరసనాయిలూ పాత పంచే తెచ్చి తుడిచినాడంట.
తారు పూర్తిగా పోలా.
అక్షరాలూ పోలా.

ఎంత మోసిందో ఈ సన్న లైను!
మాఘమాసం వస్తే బెల్లం దిమ్మెలు,
పట్టా వెంబడి చీమలు పాకాల దాకా పోతాయని నవ్వేవాళ్ళు.
ఎండల్లో మామిడి గంపలు.
ఏడాది పొడుగునా తిరపతికి పొయ్యే జుట్లు,
తిరిగొచ్చే గుండ్లు.
మాస్టరు కొడుకు బొగ్గుతో గోడ మీద లెక్క రాసేవాడు,
జుట్లొక పక్క, గుండ్లొక పక్క.
ఎన్నడూ సరిపోలేదు.

ఇంజను నీళ్ళు తాగే పది నిమిషాల్లో
పొన్నెమ్మ పట్టాల నడుమ దూరి
కొంగు కాలకుండా బొగ్గులు ఏరేది.
ఆ బొగ్గుల మీదే కూతుర్ని టీచరు చదివించింది.
డీజిలింజను వచ్చిన రోజు
దాన్ని ఎగాదిగా చూసి పొన్నెమ్మ అన్న మాట
ఇక్కడ రాయలేను.

మా నాయన చెంగల్రాయుడు, పాయింట్స్‌మన్.
పేము వలయానికి తోలు సంచి, సంచిలో ఇనప గుండు.
అది డ్రైవరు చేతికి అందితేనే
బండికి ముందు దారి.
పరిగెత్తే ఇంజనుకు చెయ్యెత్తి అందించీ అందించీ
ఆయన కుడి భుజం బెత్తెడు కిందికి దిగింది.
చొక్కాలు కుట్టే మస్తాను సాయిబు
కొలత పెట్టకుండానే ఒక పక్క తగ్గించేవాడు.

పెద్ద లైను వస్తుందన్నారు. సంబరపడినాం.
కొలిచేవాళ్ళు వచ్చి, ఈడ వంపు బాగలేదన్నారు.
వంపంటే మేమే.

ఆఖరి బండికి గుండు అందించి
నాయన లోపలికొచ్చి పెట్టె ముందర కూచున్నాడు.
బండి చేరిందని అవతల నుంచి గంట రావాల.
రాలా.
దీపం పెట్టినారు. రాలా.
అవతల అప్పటికే తీగలు చుట్ట చుట్టి
లారీకెత్తేసినారని మర్నాడు తెలిసింది.

'రూలు ప్రకారం ఆ బండింకా దారిలోనే ఉండాది'
అనేవాడు. నవ్వుతా కాదు.
పట్టాలు పీకి, కంకర దోచుకుపోయి
కట్ట మీద కంపచెట్లు మొలిచినా
మేకలు ఎక్కితే చాలు, అదిలించి దించేవాడు.
పొయ్యే ముందు రోజు గూడా అడిగినాడు,
గంట కొట్టిందా మునెమ్మా, అని.
కొట్టింది నాయనా అంటే పోయేది.
నోరు రాలా.
పాయింట్స్‌మన్ బిడ్డను,
రాని గంట వచ్చిందని ఎట్ల చెప్పేది?

ఇప్పుడీడ పాల సెంటరు.
టికెట్ల కిటికీలో నేనే కూచొని చీటీలు రాస్తా.
కంతలో చెంబు పట్టదు, చెయ్యి పడుతుంది.
అప్పుడు లోపల నుంచి అడిగింది, యాడికి అని.
ఇప్పుడు బయట నుంచి అడిగేది, వెన్నెంత అని.

తెల్లారి అయిదున్నరకు గుట్ట అవతల
పెద్ద లైను మీద బండి కూత వేస్తుంది.
వరసలో ఉన్న ముసలోళ్ళు తలెత్తుతారు.
పడుచోళ్ళు బిందె ముందుకు జరుపుతారు.

కిటికీ చెక్క నడుమ గుంటొకటి,
చిల్లర జరిపీ జరిపీ అరిగిన గుంట.
అందులో పాలచుక్క పడితే పక్కకు పోదు,
ఆడనే నిలబడుతుంది.
కాసేపటికి చీమలొస్తాయి,
పాకాల వైపు నుంచే.